అవతలి గట్టున గవర్నర్

క్లెమ్ హాల్వర్సన్‌కు కుర్చీ పడదు. గవర్నరై ఏడాది దాటినా ఆ ఆఫీసులోని తోలు కుర్చీ కొత్తదానిలా మెరుస్తూనే ఉండేది. ఉత్తరాలు లిఫ్టులో చెప్పి రాయించేవాడు. ఫైళ్ళు మెట్లెక్కుతూ చదివేవాడు. అధికారులతో సమావేశాలు శాసనసభ భవనం చుట్టూ నడుస్తూ జరిపేవాడు. రోడ్ల శాఖ అధికారి మోకాళ్ళ నొప్పుల మనిషి. రెండో చుట్టు తిరిగేసరికి దేనికైనా సరేననేవాడు. దాన్ని జనం గవర్నర్ చాకచక్యం అనుకున్నారు. చాకచక్యం ఏమీ లేదు. ఆ మనిషికి కాలు నిలవదు, అంతే.

అది తండ్రి నుంచి వచ్చి ఉంటుంది. నార్వే నుంచి వచ్చిన ఆ పెద్దాయన ఈ పడమటి కొండల రాష్ట్రంలో వాన పడని నేలను మూడు చోట్ల దున్నాడు. ఒక్కో చోట నాలుగేళ్ళు చూసేవాడు. ఐదో ఏడు పొయ్యి ఊడదీసి బండికెక్కించేవాడు. క్లెమ్ చదువు మూడు బళ్ళలో మూడు ముక్కలుగా సాగి ఎనిమిదో తరగతిలో ఆగింది. ఇరవై రెండో ఏట పాలలోంచి మీగడ తీసే మెషిన్లు అమ్మే పనిలో చేరాడు. పద్దెనిమిదేళ్ళు అదే పని. రాష్ట్రంలో ఆవున్న ఇల్లల్లా తిరిగాడు. వంటింట్లో బల్లకు మెషిన్ బిగించి, ఆ ఇంటి పాలే పోసి, పిడి తిప్పుతూ మాట్లాడేవాడు. ఒక గొట్టంలోంచి మీగడ, ఇంకో గొట్టంలోంచి పల్చటి పాలు కారుతుంటే ఇంటావిడ చూపు గొట్టాల మీద ఉండేది, మాట మాత్రం తన కష్టాల మీదికి పోయేది. మెషిన్ కొన్నా కొనకపోయినా ఆ కష్టాలు అతనికి గుర్తుండేవి. బోధనలు చేసేవాడు కాదు. విని, తలూపి, అవతలి ఇంటికి పోయేవాడు.

ప్రజాసేవ మీద తపనతో రాజకీయాల్లోకి వచ్చాడని పార్టీ వాళ్ళ కరపత్రంలో ఉంది. అబద్ధం. డెయిరీలు నేరుగా పాలే కొనడం మొదలుపెట్టాక మీగడ మెషిన్లు అడిగేవాళ్ళు లేకపోయారు. కంపెనీ మూతపడింది. క్లెమ్‌కు తిరగడానికి ఇంకో సాకు కావాల్సి వచ్చింది. శాసనసభకు నిలబడ్డాడు, గెలిచాడు. ఎనిమిదేళ్ళ తర్వాత పార్టీలో ఇద్దరు పెద్దమనుషులు గవర్నర్ టికెట్టు కోసం కొట్టుకుంటుంటే, ఎవరికీ శత్రువు కాని మనిషని ఇతన్ని నిలబెట్టారు. నాలుగు వందల పదకొండు ఓట్ల తేడాతో నెగ్గాడు. ఆ ఓట్లన్నీ వంటిళ్ళ నుంచి వచ్చినవే.

చిక్కంతా ఆ రాష్ట్ర రాజ్యాంగంలో ఉంది. గవర్నర్ రాష్ట్రం హద్దు దాటితే, తిరిగి అడుగు పెట్టేదాకా అధికారాలన్నీ ఉప గవర్నర్‌వి. ఉప గవర్నర్‌ను జనం విడిగా ఎన్నుకుంటారు. ఆ ఏడు ఎన్నికైన రాండల్ వికరీ ఎదుటి పార్టీవాడు, బ్యాంకు యజమాని, ఓపికకు పెట్టింది పేరు. మొదటి శీతాకాలంలో క్లెమ్ గవర్నర్ల సమావేశానికని మూడు రోజులు బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి వేట, చేపల శాఖకు కొత్త అధిపతి వచ్చి కూర్చున్నాడు. వికరీ భార్య పెదనాన్న కొడుకు. తలుపు మీద పేరు కూడా చెక్కించేశారు.

ఆనాటి నుంచి క్లెమ్ కట్టేసిన గుర్రమే అయ్యాడు. హద్దుగా ఉన్న నది దాకా పోయేవాడు, అక్కడి నుంచి తిరిగొచ్చేవాడు.

రెండో ఏడు మార్చిలో శాసనసభ ముగిసే ముందు పైన్ ఫోర్క్ టీచర్ల కళాశాలను మూసేసే బిల్లు ఒకటి పాసయింది. ఉత్తరాన కొండల్లో ఉన్న చిన్న కళాశాల అది. పొలాల నుంచి, గొర్రెల మందల నుంచి వచ్చిన ఆడపిల్లలు అక్కడ రెండేళ్ళు చదివి, ఒక్క గది ఉన్న బళ్ళకు టీచర్లుగా పోతారు. క్లెమ్ భార్య నెటీ అలాగే టీచరైంది. దక్షిణాది సభ్యులు మాత్రం తమ ఊళ్ళోని విశ్వవిద్యాలయం ఒక్కటి చాలునన్నారు. ఆ పిల్లలు నాలుగు వందల మైళ్ళు దక్షిణానికి పోరని అందరికీ తెలుసు. ఆగిపోతారు, అంతే.

క్లెమ్ చేయాల్సింది చిన్న పని. వీటో చేస్తున్నానని, ఎందుకో ఒక కారణం రాసి, సంతకం పెట్టాలి. సభ ముగిసింది కాబట్టి ఆ వీటోను తోసిపుచ్చేవాడు లేడు. పది రోజులు గడువు. పది రోజుల్లో ఏమీ చేయకపోతే బిల్లు దానంతటదే చట్టమవుతుంది. గవర్నర్ బయటికి పోతే వికరీ వచ్చి సంతకం పెడతాడు, అప్పుడూ చట్టమే.

తొమ్మిదో రోజు, శుక్రవారం పదకొండింటికి కూడా ఆ కారణం రాయడం పూర్తి కాలేదు. లాయర్ రాసిచ్చిన రెండు వాక్యాలున్నాయి. క్లెమ్‌కు అవి నచ్చలేదు.

"శవపేటికలు అమ్మేవాడి ప్రకటన లాగుంది ఇది," అన్నాడు కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూ.

"నచ్చలేదని రాయండి సార్," అంది మిస్ ఇడా ప్రౌట్. ఆమె నలుగురు గవర్నర్ల దగ్గర కార్యదర్శిగా చేసిన మనిషి. "'నాకీ బిల్లు నచ్చలేదు' అని ఒక్క ముక్క. రాజ్యాంగానికి అది చాలు."

"రాజ్యాంగానికి చాలుతుంది ఇడా. వంటిళ్ళకి చాలదు. పేపర్లో పడుతుంది, వాళ్ళు చదువుతారు."

"మీ వంటిళ్ళకి కావాల్సింది కాలేజీ. మీ వాక్యాలు కాదు."

ఆ మాట నిజం. క్లెమ్ విననట్టే ఉన్నాడు. నిలబడి మాట్లాడమంటే గంటైనా మాట్లాడే మనిషి, కలం పట్టుకుంటే ముక్క రాదు. మీగడ మెషిన్ల రోజుల్లో ఎక్కడ ఏం మాట్లాడాలో బండి నడుపుతూ కట్టుకునేవాడు. కాబట్టి టోపీ తీసుకున్నాడు.

"గంట తిరిగొస్తాను. డ్రైవర్ని లేపకు, నేనే నడుపుకుంటాను."

"నది వైపు మాత్రం పోకండి సార్."

"నది వైపు పోతాను, దాటను. ఆ మాత్రం తెలీదా నాకు?"

"తెలిసినవాళ్ళకే చెప్తారు," అంది ఆమె టైపు మెషిన్ వైపు తిరిగి.

ఊరు దాటాక మాటలు నిజంగానే వచ్చాయి. మంచు కరిగి తడిసిన నేల మీద ఎండ పడుతోంది, బండి అద్దానికి చెప్తున్నట్టు పైకే అనుకుంటున్నాడు. నెటీ మొదటి బడి, అక్కడి పొయ్యి, ఆ పొయ్యిలో కట్టెలు పెట్టడం దగ్గర్నుంచి భిన్నాలు నేర్పడం దాకా అన్నీ ఒక్క పిల్లే చేయడం. ఒక వాక్యం ఇంకో వాక్యాన్ని లాక్కొచ్చింది. రోడ్డు చీలిన చోట చేతులు వాటంతటవే ఎడమకు తిప్పాయి. పద్దెనిమిదేళ్ళు ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఎడమకే తిరిగిన చేతులవి. వంతెన వచ్చింది, వంతెన పోయింది. ఆ సమయానికి అతను ఐదో వాక్యంలో ఉన్నాడు.

వంతెనకు ఐదు మైళ్ళ అవతల ఆంట్లర్ అనే చిన్న ఊరు. అక్కడ డెల్లా భోజనశాలలో తన పాత స్టూలు మీద కూర్చుని, వేడి గొడ్డు మాంసం, రొట్టె, ఎండు ద్రాక్షలు కూరి కాల్చిన 'పై' అనే తీపి వంటకం తెప్పించుకున్నాడు. మెనూ కార్డు తిప్పి వెనక వైపు రాయడం మొదలుపెట్టాడు. నిండింది. ముందు వైపు అంచుల్లో కూడా రాశాడు. రాసి, డెల్లాకు చదివి వినిపించాడు.

డెల్లా గిన్నె తుడవడం ఆపి వింది. "బాగుందయ్యా క్లెమ్. మా అమ్మ ఉంటే ఏడ్చేది." అని, గిన్నె పక్కన పెట్టింది. "అవునూ, నువ్విక్కడున్నావు. మరి అక్కడ ఎవరున్నట్టు?"

క్లెమ్ చేతిలో చెంచా ఆగింది.

"విత్తనాలమ్మే ఆ బట్టతలాయన ఇందాక నీ బండి నంబరు చూసి ఫోన్ దగ్గరికి పోయాడు," అంది డెల్లా. "వచ్చి రెండో 'పై' తెప్పించుకున్నాడు. అంత సంతోషం దేనికా అనుకున్నాను."

ఆ రాష్ట్రంలో గవర్నర్ బండికి ఒకటో నంబరు పలక ఉంటుంది. దాచుకునేదేం కాదు.

క్లెమ్ ఫోన్ దగ్గరికి పరిగెత్తాడు. అటు మిస్ ప్రౌట్ పలికింది.

"మీరు ఏ గట్టున ఉన్నారు సార్?"

"అవతలి గట్టున."



"అయితే నేను మీ మాట వినకూడదు," అంది ఆమె. "వికరీ గారు మెట్లెక్కుతున్నారు. కాఫీ ఇస్తాను, టోపీ ఎక్కడ పెట్టాలో చూపిస్తాను. అంతకంటే చేయలేను. రండి."

వంతెన దగ్గరికి వచ్చేసరికి దాని నిండా గొర్రెలు. వసంతంలో కొండల మీదికి తోలుకుపోయే మంద, రెండు వేలు ఉంటాయి, పిల్లలతో సహా. బండి వెళ్ళే దారి లేదు. హారన్ కొడితే ముందున్నవి బెదిరి వెనక్కి నెట్టుకున్నాయి గానీ తప్పుకోలేదు. క్లెమ్ బండి అక్కడే వదిలేసి దిగి, ఉన్ని మధ్యలోంచి, మోకాళ్ళతో తోసుకుంటూ ఎదురు నడిచాడు. వంతెన మధ్యలో కమ్మీకి ఇనప పలక బిగించి ఉంటుంది, అదే హద్దు. అది దాటినప్పుడు జేబు గడియారం చూసుకున్నాడు. రెండూ ఇరవై తొమ్మిది.

మంద చివర మార్టిన్ ఎలిసోండో ఉన్నాడు. స్పెయిన్ కొండల నుంచి వచ్చిన బాస్క్ జాతి మనిషి, ముప్పై ఏళ్ళుగా ఇక్కడే గొర్రెలు కాస్తున్నాడు. మెషిన్లు అమ్మే రోజుల్లో క్లెమ్ చాలాసార్లు అతని గుడారం దగ్గర గొర్రెపిల్ల కూర తిన్నాడు, మెషిన్ అంటగట్టే ఆశ లేకపోయినా.

"ఏమయ్యా క్లెమ్, గొర్రెల్లో పడి ఈదుతున్నావేంటి? బండి లేదా నీకు?"

"తర్వాత చెప్తాను మార్టిన్. కాలేజీ పోయేట్టుంది."

ఎలిసోండో మొహం మారింది. అతని కూతురు గ్రేసియానా పైన్ ఫోర్క్‌లో మొదటి ఏడు చదువుతోంది. మందను కుక్కలకు వదిలేసి క్లెమ్ వెనకే పెట్రోలు బంకు దాకా వచ్చాడు. దారిలో క్లెమ్ వికరీ సంగతంతా చెప్పాడు.

బంకులో ఫోన్. మిస్ ప్రౌట్ గొంతు మామూలుగానే ఉంది.

"రెండూ ఇరవైకి సంతకం పెట్టారు. టైము రిజిస్టర్‌లో వేశాను. మీరు హద్దు ఎన్నింటికి దాటారు సార్?"

క్లెమ్ జేబు గడియారం మళ్ళీ తీసి చూశాడు.

"మీరు చెప్పింది రాస్తాను. రాశాక కొట్టేయను. తొందరేం లేదు, చూసుకుని చెప్పండి."

తొందరేం లేదని ఆమె అతనితో అనడం అదే మొదటిసారి.

"ఎన్నింటికి పెట్టాడట?" అన్నాడు ఎలిసోండో తలుపు దగ్గర్నుంచి.

"రెండూ ఇరవై."

ఎలిసోండో బయటికి తొంగి ఎండ వైపు చూశాడు. "నువ్వు నా దగ్గరికి వచ్చినప్పుడు రెండూ పది."

"మార్టిన్, రెండున్నర దాటింది."

"ఆ గడియారం నాకు చూపించకు. నేను చూడలేదు. చూడంది నాకు తెలీదు."

క్లెమ్ గడియారాన్ని గుప్పిట్లో మూశాడు. మీగడ మెషిన్ల రోజుల్లో ఎన్నో చిన్న అబద్ధాలాడాడు. ఈ మోడల్ అరగదు అన్నాడు, పక్కింటావిడ రెండు కొంది అన్నాడు. అవి అబద్ధాలని ఇంటావిడకీ తెలుసు, అదొక ఆట. ఇది ఆట కాదు. నిజం చెబితే నూట ఎనభై మంది పిల్లలు జూన్‌లో పెట్టెలు సర్దుకుంటారు. వాళ్ళు పెట్టెలు సర్దుకునేది తను శుక్రవారం 'పై' తినడానికి పోయినందుకు.

"రెండూ పది," అన్నాడు ఫోన్లో.

"రెండూ పది," అంది మిస్ ప్రౌట్. కలం గీసిన చప్పుడు వినిపించింది. "అయితే ఆయన సంతకం చెల్లదు. వీటోకి కారణం చెప్పండి, టైపు చేసి ఉంచుతాను."

క్లెమ్ జేబులోంచి మెనూ కార్డు తీశాడు. అటూ ఇటూ నిండా రాసుంది. జీవితంలో అతను రాసిన మంచి మాటలు అవే. నోరు తెరిచి, ఆగాడు. ఇంత రాసినవాడు, రాసి చదివి వినిపించినవాడు అవతల ఎంతసేపు కూర్చున్నట్టు? కాఫీ తాగి వెంటనే తిరిగొచ్చినవాడు రెండు వాక్యాలకు మించి రాయడు.

"లాయర్ రాసిందే ఉంచు," అన్నాడు.

కార్డును నాలుగు ముక్కలు చేసి నదిలో వేశాడు. బండి అవతలి గట్టునే ఉండిపోయింది. దానికోసం వెళితే మళ్ళీ హద్దు దాటినట్టే. బంకు యజమాని లారీలో, ఎరువు బస్తాల మీద చేయి వేసుకుని రాజధానికి వచ్చి, నాలుగుంపావుకు శవపేటికల ప్రకటన కింద సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం నెటీ బంగాళాదుంపల గిన్నె అందిస్తూ అంది: "పెళ్ళికి నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చావు. మా నాన్న అంత్యక్రియలకి పాటలైపోయాక వచ్చావు. నువ్వు అనుకున్న టైముకి పది నిమిషాలు ముందున్నది ఈ ఒక్క రోజే."

క్లెమ్ పళ్ళెం వైపు చూస్తున్నాడు.

"నేను అడగను," అంది ఆమె. "అడిగితే నువ్వు చెప్తావు."

వికరీ కోర్టుకు వెళ్ళాడు. నది అవతల గడియారాలు గంట వెనక నడుస్తాయి, కాబట్టి ఆంట్లర్ సాక్షులు చెప్పిన టైములన్నీ అయోమయంగా తయారయ్యాయి. డెల్లా అయితే తన భోజనశాలలో గడియారమే పెట్టనంది, చూస్తే జనం లేచిపోతారట. విత్తనాలాయన వికరీతో వారంవారం పేకాడతాడని తేలింది. చివరికి అంతా ఎలిసోండో మీదికి వచ్చింది. పెళ్ళినాటి నల్ల కోటు వేసుకుని వచ్చి, బైబిల్ మీద చేయి పెట్టి, రెండూ పది అన్నాడు.

"మీకు గడియారం ఉందా?" అన్నాడు జడ్జి.

"లేదు."

"మరి రెండూ పది అని ఎలా చెప్తున్నారు?"

"మీకు చాలా ఏళ్ళుగా గడియారం ఉంది కదా," అన్నాడు ఎలిసోండో, "అందుకే మీకు తెలీదు."

కోర్టు నవ్వింది. అతను నవ్వలేదు. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు అటు మొగ్గారు. కళాశాల నిలిచింది.

ఆ తర్వాతి రోజుల్లో క్లెమ్ ఇంకా ఎక్కువ తిరిగాడు. ఒక ఊళ్ళో అల్పాహారం, ఇంకో ఊళ్ళో భోజనం. ఏ వంటింటికి పోయినా ఆ గొర్రెల కథ చెప్పమనేవారు. కథలు చెప్పి బతికిన మనిషి, తన దగ్గరున్న అన్నిటికన్నా మంచి కథ దగ్గరికి వచ్చేసరికి "ఏముంది, గొర్రెలు అడ్డమొచ్చాయి" అని కాఫీ గ్లాసు కింద పెట్టి లేచిపోయేవాడు. వినయం అన్నారు జనం. వాళ్ళు పెట్టే పేర్లకు హద్దు లేదు.

మరుసటి ఏడు జూన్‌లో పైన్ ఫోర్క్‌లో పట్టాలిచ్చే రోజు గ్రేసియానా ఎలిసోండో పేరు పిలిచారు. క్లెమ్ పట్టా చేతికిచ్చాడు. చివరి వరసలో ఆ పిల్ల తండ్రి అదే నల్ల కోటులో ఉన్నాడు. చప్పట్లు కొట్టాడు గానీ వేదిక మీదున్న మనిషి వైపు చూడలేదు.

సభ అయ్యాక బయట చెట్ల కింద కేకు, నిమ్మరసం. క్లెమ్ అతని దగ్గరికి వెళ్ళాడు.

"సంతోషమేనా మార్టిన్?"

"పిల్ల టీచరైంది. సంతోషం కాకేంటి?" నిమ్మరసం గ్లాసు పక్కన పెట్టి అన్నాడు, "ఏడాది పైనే అయింది, నేను గుడి మెట్లెక్కలేదు. మా ఆవిడ రోజూ అడుగుతుంది. నేను పాపం చెప్పుకోవాలి. చెప్పుకుంటే ఫాదర్ దాన్ని సరిదిద్దమంటాడు. సరిదిద్దితే పిల్ల చదువు ఆగుతుంది. అందుకని పోలేదు."

కోర్టు గెలిచాక క్లెమ్ ఎన్నికల గురించి ఆలోచించాడు, వికరీ గురించి, తన గురించి ఆలోచించాడు. ఈ మనిషి ఆదివారాలు ఏం చేస్తున్నాడో ఒక్కసారీ ఆలోచించలేదు.

"ఇవాళ పట్టా వచ్చింది," అన్నాడు ఎలిసోండో. "ఇవాళ పోతాను. ఆయనేం చెప్తే అది. నీకు ముందు చెప్పాలనిపించింది."

వచ్చే ఏడాది ఎన్నికలు. క్లెమ్ ఆపవచ్చు. ఒక్కసారి ఆగమని, ఎన్నికలయ్యాక వెళ్ళమని అడగవచ్చు. అడిగితే ఈ మనిషి ఆగుతాడని కూడా తెలుసు.

"ఎంత దూరం గుడి?" అన్నాడు.

"మైలున్నర."

"ఎక్కు. దింపుతాను."

గుడి చిన్నది, చెక్కది. ఎలిసోండో టోపీ తీసి లోపలికి పోయాడు. క్లెమ్ బండి చుట్టూ తిరిగాడు. ఒకటో నంబరు పలక మీద దుమ్ము తుడిచాడు. గుడి తలుపు దాకా నడిచి, వెనక్కి వచ్చాడు. లోపల నుంచి ఏమీ వినిపించలేదు. మళ్ళీ నడిచాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టి తీశాడు. ముప్పావు గంటలో ఎన్నిసార్లు తిరిగాడో, గడ్డిలో దారి పడింది.

ఎలిసోండో బయటికి వచ్చి, మెట్ల మీద నిలబడి టోపీ పెట్టుకున్నాడు.

"ఏమన్నాడు?"

"నాకు చెప్పాల్సింది నాకు చెప్పాడు."

"కోర్టుకి పొమ్మన్నాడా?"

"నీ గురించి అడగలేదు. పిల్ల ఎక్కడ పాఠాలు చెప్తుందని అడిగాడు." మెట్లు దిగాడు. "ప్రాయశ్చిత్తానికి నాకొక పని పెట్టాడు. కష్టమైందే. అది నాది, చేసుకుంటాను. నీకెవరు పెడతారో మరి. మీ లూథరన్ల గుళ్ళో పాపం చెప్పుకునే గది లేదు కదా."

అతను బండెక్కి తలుపు వేసుకున్నాడు. క్లెమ్ వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుని తాళంచెవి తిప్పాడు. ఇంజన్ మోగుతూనే ఉంది. ఎటు పోవాలో ఎలిసోండో చెప్పేదాకా బండి కదలలేదు.